ఓటు పెట్టె ఎవరిదని అడిగిన మగ్దలీనమ్మ

దిబ్బపాళెంలో ఇప్పుడు ఎవరి నోట విన్నా ఒకటే మాట. మగ్దలీనమ్మ కుర్చీ అమ్ముకుందట. పద్మనాభయ్య దగ్గర డబ్బు సంచి తీసుకుని, గెలిచిన ఎలక్షన్‌ను చేతులారా ఆయన ఒళ్లో పోసిందట. టీ అంగడి దగ్గర చెప్పేవాడికి ఆ సంచి పసుపురంగుది. ఐస్ ఫ్యాక్టరీ దగ్గర చెప్పేవాడికి నల్లది. చర్చి మెట్ల మీద చెప్పే ఆమెకైతే అది సంచే కాదు, మగ్దలీనమ్మ కూతురి పేరున రాసిచ్చిన అరెకరం రొయ్యల గుంట.

మగ్దలీనమ్మకు కూతురే లేదు. ఉన్నది ఒక్క కొడుకు, గిద్యోను. నాయుడుపేటలో లారీలు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. లేని కూతురికి గుంట రాసిపెట్టిన నోళ్లకు ఆ మాత్రం సిగ్గు కూడా లేకపోయింది.

పక్కింటి రాఘవమ్మకు ఈ మాటలు చెవిన పడ్డ నాడు అన్నం సయించలేదు. రాఘవమ్మది వరి పండించే ఇల్లు, మగ్దలీనమ్మది రొయ్యల కూలి. మధ్యన ఉన్నది ఒక్క పిట్టగోడ. దాని మీదుగా ముప్ఫై ఏళ్లుగా కూరగిన్నెలు అటూ ఇటూ నడుస్తూనే ఉన్నాయి. మామూలుగానే రాఘవమ్మకు వీధిలో ఎవరి పొయ్యి మీద ఏముడుకుతున్నదో తెలియకపోతే నిద్ర పట్టదు. ఇక ఈ సంగతిలో మొదటినుంచి చివరిదాకా పక్కనే ఉన్న మనిషి. ఏది జరిగిందో, ఏది జరగలేదో ఆమెకు తెలిసినంత ఊళ్లో ఇంకెవరికీ తెలియదు.

మగ్దలీనమ్మను గురించి చెప్పాలంటే ముందు ఆమె రాయిని గురించి చెప్పాలి. ఐదు కిలోల ఇనుప తూకపురాయి. గోనెగుడ్డతో కుట్టిన సంచిలో పెట్టుకుని, గుంటల్లో రొయ్యల పట్టుబడి ఎక్కడ జరిగితే అక్కడికి చంకన వేసుకుని పోతుంది. గడువు తప్పకుండా నెల్లూరు తీసుకెళ్లి దానికి సర్కారు ముద్ర వేయించుకొస్తుంది. గుంటలో వల లాగిన నాడు కాటా తెచ్చేది రొయ్యలు కొనే వ్యాపారి. అది కరెంటు కాటా, ఎర్ర అంకెలు చూపిస్తుంది. ఆ కాటా మీదకు మొదటి ట్రే ఎక్కేముందు మగ్దలీనమ్మ రాయి ఎక్కాలి. ఐదు చూపించిందా సరే. చూపించలేదా, కాటా మార్చేదాకా ఆమె వెంట ఉండే ఇరవైమంది ఆడోళ్లు చెయ్యి కదపరు. తలలు తీసిన రొయ్యకు కిలో లెక్కన కూలి మరి.

ఒకసారి ఒక వ్యాపారి ఎకసెక్కమాడినాడు. "ఏం మా, యేసుప్రభువును నమ్మినంతలో సగమన్నా మా కాటాను నమ్మగూడదా?"

"నమ్ముదునే అబ్బయా. ఆయనైతే రొయ్యలు కొనడానికి రాడుగదా," అంది మగ్దలీనమ్మ రాయి కాటా మీద పెడుతూ.

భర్త హెబ్రోను పోయి తొమ్మిదేళ్లయింది. అప్పటినుంచీ ఇదే బతుకు. తెల్లారేసరికి గుంట కట్ట మీద ఉండాలి, పొద్దు నడినెత్తికొచ్చేదాకా ఐస్ నీళ్లలో చేతులు నానాలి. తలదాచుకోను నీడ లేదు. మరుగుకు పోవాలంటే సర్కారుతుమ్మ చెట్ల దాకా నడవాలి, ముళ్లు తొక్కుకుంటూ, ఎవరన్నా వస్తున్నారేమోనని వెనక్కు చూసుకుంటూ. దిబ్బపాళెం రొయ్యల కార్మికుల సహకార సంఘం పుస్తకాల్లో ఆడవాళ్లకు రేకుల షెడ్డు, రెండు మరుగుదొడ్లు కట్టిస్తామన్న తీర్మానం ఏడేళ్లుగా ఉంది. పుస్తకంలోనే ఉంది.

అందుకే ఈసారి సంఘం అధ్యక్ష పదవికి ఆమె నిలబడింది. ఇల్లిల్లూ తిరిగి ఒక్కటే మాట చెప్పింది. "నాకు పెద్ద పెద్దయి తెలీవు. షెడ్డూ, దొడ్లూ. ఈ రెండూ చేస్తా. చెయ్యకపోతే నా చెయ్యి పట్టుకుని కుర్చీలోంచి లేపండి."

ఆమెను నిలబెట్టింది నరేంద్రబాబు. రెండు దఫాలు అధ్యక్షుడుగా చేసినవాడు. మూడోసారి నిలబడడానికి సంఘం నిబంధన ఒప్పుకోలేదు. మగ్దలీనమ్మ అయితే ఆడవాళ్ల ఓట్లన్నీ వస్తాయి, సంతకం పెట్టమన్న చోట పెడుతుంది అని లెక్కేసుకున్నాడని రాఘవమ్మ అప్పుడే అనుకుంది. మొదటి లెక్క సరిగానే వేసుకున్నాడు. అవతలివైపు నిలబడింది పద్మనాభయ్య. పెద్దమనిషే, కానీ ఆడవాళ్ల షెడ్డు మాటెత్తితే "చూద్దాం లే" అనే రకం.

ఎప్పుడూ కాగితాలమీద ముద్ర గుద్ది పెట్టెలో వేసేవాళ్లు. ఈసారి నరేంద్రబాబు కమిటీ చేత కొత్త తీర్మానం చేయించాడు. కాలం మారిందట, కాగితాలు చించుతూ కూచోవడం నామోషీ అట, మిషన్లు అద్దెకు తెప్పిస్తారట. ఇవి ఎమ్మెల్యే ఎలక్షన్లకు వచ్చే మిషన్లు కావు, ఆ సంగతి చదివేవాళ్లు బాగా గుర్తుపెట్టుకోవాలి. ఆ మిషన్లు సర్కారు కంపెనీలు చేసేవి. పోలింగు మొదలు కాకముందే ఏజెంట్ల కళ్లముందు ఉత్తుత్తి ఓట్లు వేసి, లెక్క చూపించి, సీలు వేస్తారు. ఓటు వేస్తే చీటీ అద్దంలో కనబడుతుంది. ఇవేమో ప్లాస్టిక్ పెట్టెలు నాలుగు, ఫోటో పక్కన బొత్తాం, నొక్కితే కుయ్యిమని ఒక కూత. చీటీ లేదు, ఉత్తుత్తి ఓట్లూ లేవు. ఆటోలోంచి దించడం, బల్లమీద పెట్టడం, నొక్కించడం.

సాయంత్రానికి ఫలితం వచ్చింది. మగ్దలీనమ్మకు రెండువందల ఎనభై ఏడు. పద్మనాభయ్యకు రెండువందల నలభై ఆరు. ఆడవాళ్లు కేకలు పెట్టారు. రొయ్యల కాడ ఆమె జట్టులోని ఎస్తేరమ్మ అయితే మగ్దలీనమ్మను నడుం పట్టుకుని అమాంతం ఎత్తేసింది. మెడలో బంతిపూల దండ పడింది. ఆ దండతోనే మగ్దలీనమ్మ ఏం చేసిందంటే, ఆటోలోకి ఎక్కిస్తున్న పెట్టెను ఒకదాన్ని ఆపి, దాని అడుగున చేత్తో తడిమింది. కాటా అడుగున తయారుచేసినవాడి పేరు, నంబరు, ముద్ర ఉంటాయి. ఏళ్ల తరబడి అలవాటు, చెయ్యి దానంతటదే పోయింది.

అడుగున ఏమీ లేదు. ఒక స్టిక్కరు సగం గీకేసి ఉంది.

"ఎవరియ్యా ఇవి?" అంది ఆటో అతనితో.

"అద్దెవి మా."

"అద్దె ఎవరిది?"

"ఓనరుది."

"ఓనరెవరు?"

"నాకెందుకు మా? దించమన్న కాడ దించతా, ఎక్కించమన్న కాడ ఎక్కించతా."

నరేంద్రబాబు నవ్వుతూ వచ్చాడు. "అక్కా, కంపెనీవి. నువ్వు ముందు స్వీటు తిను."

మగ్దలీనమ్మ స్వీటు తినింది. కానీ ఆ రాత్రి పిట్టగోడ దగ్గర రాఘవమ్మతో అంది. "అక్కా, పొద్దున పెట్టెలు దించినప్పుడే అడగాల్సింది. రాయి పెట్టకుండానే తూకానికి ఒప్పుకున్నా."

"గెలిచినావుగదే! ఇంక తూకమేంది?" అని రాఘవమ్మ కసిరింది.

"గెలిచినా. అందుకే అడగాల," అంది మగ్దలీనమ్మ. అప్పుడు రాఘవమ్మకు ఆ మాట అర్థం కాలేదు.

మర్నాడు ఇద్దరూ సంఘం ఆఫీసుకు పోయి గుమాస్తా మస్తానయ్యను అడిగారు. మస్తానయ్య మంచివాడే, భయస్థుడు. బీరువాలోంచి ఒక్క కాగితం తీశాడు. కోస్టల్ ఈ-పోల్ సర్వీసెస్, నెల్లూరు అనీ, కింద ఒక వీధి పేరూ ఉన్నాయి. అదొక్కటే. "ఇంకెవర్నన్నా ధర అడిగినారా? ఇంకో కంపెనీ కాగితం ఉండాదా?" అంటే మస్తానయ్య ఫ్యాను వైపు చూశాడు. ఫ్యాను తిరగడంలేదు.

ప్రమాణం చేసి కుర్చీలో కూచునేందుకు ఇంకా పదిరోజులుంది. ఈలోపలే తేల్చుకోవాలంది మగ్దలీనమ్మ. రాఘవమ్మకు నెల్లూరులో పనేమీ లేదు, అయినా కొత్త చీర కట్టుకుని బస్సెక్కింది. ఇంత సంగతి ఒకరు కనుక్కొస్తుంటే ఇంట్లో కూచుని పెసలు బాగుచేసుకోవడం ఆమె వల్ల అయ్యే పని కాదు.

ఆ వీధిలో వెతగ్గా వెతగ్గా, ఫ్లెక్సీలు అచ్చువేసే అంగడి పైన ఒక గది కనబడింది. తాళం వేసి ఉంది. కింద అంగడిలో ఏంజెలిన్ అనే ఆమె నవ్వుతూ మాట్లాడింది. "ఆ గదా? ఎలక్షన్లుంటే తెరస్తారు, లేకుంటే పెళ్లిళ్లప్పుడు తెరస్తారు. కుర్చీలు, సౌండుబాక్సులు, ఫ్యాన్లు అన్నీ అద్దెకిస్తారుగదా. ఓనరా? నేనెప్పుడూ చూళ్లేదు మా. ఎవరో కుర్రోళ్లొచ్చి తీసకపోతారు."

ఓట్లూ పెళ్లికుర్చీలూ ఒకే గదిలోంచి! రాఘవమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఐదువందల పైచిలుకు మనుషులు, ఎండలో నిలబడి బొత్తాం నొక్కినవాళ్లు, తాము నొక్కినది ఎక్కడికి పోయిందని అడగరనే ధైర్యమేగా ఇది.

గది తలుపు మీద చిన్న రేకుబోర్డుంది. పేరు కింద పొడుగ్గా ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు కలిపి ఒక నంబరు. "అది జీఎస్టీ నంబరు, ప్రతి అంగడోడూ పెట్టాల్సిందే," అంది ఏంజెలిన్. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. రాఘవమ్మ బస్సుటికెట్టు వెనకాల, ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు, ఒక్కొక్క గీతా చూసుకుంటూ అక్షరాలూ అంకెలూ మొత్తం పదిహేనూ దించింది. మగ్దలీనమ్మ మళ్లీ ఒక్కొక్కటీ వేలు పెట్టి సరిచూసింది. కాటా ముందు నిలబడినప్పుడు ఉండే మొహమే ఆమెకు అప్పుడూ ఉంది.

తిరుగుబస్సులో విడవలూరులో దిగి, ఆనందబాబు నెట్ సెంటరుకు పోయారు. ఆనందబాబుకు యాభై దాటాయి, ఏది అడిగినా ముందు విసుక్కుంటాడు, తరువాత చేస్తాడు. టికెట్టు అటూ ఇటూ తిప్పి, "ఇదేంది పెద్దమ్మా, కోడి గీకినట్టు" అంటూనే కొట్టాడు. "ఇది దాపరికమేం కాదు. సర్కారు సైటులో నంబరు కొడితే ఎవరికైనా చూపిస్తాది. ఇదిగో, పెట్టింది రెండేళ్ల కింద. అంగడి పేరు కోస్టల్ ఈ-పోల్. ఓనరు ఎవరో ఆడామె. చేజర్ల వినీల."

"ఎవరామె?" అంది మగ్దలీనమ్మ. ఆ ఇంటిపేరు దిబ్బపాళెంలో ఎవరికీ లేదు.

రాఘవమ్మ మాట్లాడలేదు. రాఘవమ్మ మాట్లాడకపోవడం ఎన్నడూ చూడని మగ్దలీనమ్మ భయపడి, "ఏందక్కా, కళ్లు తిరగతన్నాయా?" అంది.

"చేజర్ల వాళ్లది సంగం ఊరి కాడ," అంది రాఘవమ్మ మెల్లగా. "మా మేనత్త ఊరి పక్కన. ఆ పిల్ల పెళ్లికి పోయి నేను హారతి పాట పాడినా. చలిమిడి గట్టిగా ఉండాదని సారె పళ్లెం కాడ పెద్ద రభస. ఆ పిల్లను మనూరికే ఇచ్చినారు మగ్దలీనా. మనం నరేంద్రబాబు పెళ్లామంటాం. ఎవరం పేరు పెట్టి పిలిచినాం గనక?"

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పాన్ కార్డులో పుట్టింటి పేరే ఉండిపోయిన భార్య పేరున అంగడి పెడితే ఊళ్లో ఎవరికి తెలుస్తుందని నరేంద్రబాబు ధీమా. పద్దెనిమిదేళ్ల కిందటి పెళ్లిలో ఎవరిది ఏ ఇంటిపేరో, చలిమిడి గట్టిగా ఉందో మెత్తగా ఉందో కూడా గుర్తుపెట్టుకునే ముసలమ్మ ఒకతి ఊళ్లో ఉంటుందని అతను లెక్కవేసుకోలేదు. ఆడవాళ్ల అనవసరపు ఆరాలని వెక్కిరించే మొగవాళ్లందరూ ఇది వినాలి.

రాఘవమ్మను వెంటబెట్టుకుని పోయి, ఆఫీసులో నరేంద్రబాబు ముందు మగ్దలీనమ్మ టికెట్టు పెట్టి, ఓనరు పేరు చెప్పింది. అతను చూశాడు, గడ్డం గోక్కున్నాడు, తరువాత నవ్వేశాడు.

"అయితే ఏందక్కా? వ్యాపారం. తప్పా? గెలిచింది నువ్వేగదా. పద్మనాభయ్య అడగాల్సిన ప్రశ్న నువ్వడగతావేంది?"

"పెట్టెలు మీ ఇంటివేనని ముందే కమిటీకి చెప్పినావా?"

"చెబితే ఒప్పకుంటారా వాళ్లు!"

"అదే నేననేది అబ్బయా. చెబితే ఒప్పుకోనిది చెప్పకుండా చేసినావు."

"మిషన్‌లో మోసముందని చూపించు, ఇప్పుడే ఉరేసుకుంటా."

"ఉండాదని నేనన్లేదు. లేదని నువ్వెట్టా చూపిస్తావు? చీటీ లేదు, పాటీ లేదు. కాటా నీది, చూసి చెప్పేవాడూ నీవాడే. మధ్యన నా మెడలో దండ."

నరేంద్రబాబు గొంతు తగ్గించాడు. "అక్కా, షెడ్డుకు తొలి సంతకం నువ్వే పెడతావు. ఆ ఆడోళ్ల మొహాలు గుర్తు చేసుకో. ఆ కాగితం చించెయ్."

అక్కడే రాఘవమ్మకు పళ్లు పటపటలాడాయి. తన దొంగతనానికి వాళ్ల మరుగుదొడ్డిని అడ్డం పెట్టుకునే మనిషిని ఏమనాలి! అనాలనుకున్నది అనేసింది కూడా. అది ఇక్కడ రాసేది కాదు.

మగ్దలీనమ్మ కాగితం చించలేదు. మస్తానయ్య చేతే రాయించి సంతకం పెట్టింది. పెట్టెల ఓనరు సంగతి కమిటీకి దాచిపెట్టారు గనక ఈ ఎన్నిక మీద కుర్చీలో కూచోను, కాగితాల మీద మళ్లీ ఓట్లు పెట్టండి అని. సభ్యులందరినీ పిలిచారు. గోల గోలయింది. అరిచినవాళ్లలో ఎక్కువమంది ఆమె మనుషులే. ఎస్తేరమ్మ, ఆమెను నడుం పట్టి ఎత్తిన ఎస్తేరమ్మ, అందరి ముందూ లేచి అడిగింది.

"నీ నీతి మాకు నీడిస్తాదా మగ్దలీనా? రేపు ముళ్లల్లోకి నీ నీతిని తోడు తీసకపోనా?"

మగ్దలీనమ్మ తల వంచుకుంది.

కాగితాలమీద ఓట్లు వేశారు. మగ్దలీనమ్మ మీద పద్మనాభయ్య పదకొండు ఓట్ల తేడాతో గెలిచాడు. మొదటిసారి మిషన్ సరిగ్గా చెప్పిందేమో, కోపంతో ఈసారి ఆడవాళ్లు కొందరు రాలేదేమో, ఎవరికీ తెలియదు. ఇక తెలియదు కూడా. మనుషులు వేసిన ఓటు ఏమయిందో ఎన్నటికీ తెలియకుండా చేసినవాడు మాత్రం ఇప్పటికీ ఐస్ ఫ్యాక్టరీ ముందు కుర్చీ వేసుకుని, "ఎంత తీసుకుందో ఏమో పాపం" అని చెబుతున్నాడు. సంచి కథ పుట్టింది అక్కడే. రంగులు మాత్రం ఊరు వేసింది. గెలిచిన పద్మనాభయ్య అయినా అది అబద్ధమని ఒక్క మాట అన్నాడా? అనలేదు. షెడ్డు గురించి అడిగితే "చూద్దాం లే" అన్నాడు.

ఇంటింటికీ పోయి రాఘవమ్మ ఇదంతా చెప్పింది. సంచీ లేదు, గుంటా లేదు, కూతురు అసలే లేదు అని. కొందరు విన్నారు. కొందరు "నువ్వు ఆమె పక్కింటిదానివిగదా" అన్నారు. అయితే నిజం చెప్పుకోవాలంటే, ఆ సంచి మాట రాఘవమ్మ చెవిలో కూడా చిన్న ముల్లులా ఎక్కడో మిగిలిపోయింది. సంచి కాదు గానీ, ఏదో ఉంది. ఇరవైమంది ఆడవాళ్ల నీడను, తన నీడను కూడా, చేతికొచ్చాక ఎవరు వదులుకుంటారు? ఊళ్లో అందరినీ అన్నీ అడిగే రాఘవమ్మకు ఈ ఒక్కటీ అడగడానికి నెలరోజులు నోరు రాలేదు.

మొన్న శనివారం పట్టుబడి ఉంటే మజ్జిగ పట్టుకుని గుంట కట్టకు పోయింది. పదకొండు గంటలయింది, ఎండ పేలుతోంది. నాలుగు కర్రలు పాతి పాతచీర ఒకటి కట్టుకుని దానికింద ఆడవాళ్లు ఐస్‌లో చేతులు పెట్టి తలలు తీస్తున్నారు. చీర నీడ అందరికీ చాలడంలేదు. మగ్దలీనమ్మ ఎండలోనే కూచుంది. ఎస్తేరమ్మ ఆమెకు ఎదురుగా, మాటల్లేకుండా. కాటా పక్కన గోనెగుడ్డ సంచిలో రాయి ఉంది.

రాఘవమ్మ గ్లాసు ఇచ్చి, పక్కన గొంతుక్కూచుని, అందరూ వింటుండగానే అడిగేసింది.

"మే మగ్దలీనా. ఊరు ఏమన్నా అననీ. నాకు చెప్పు. గెలిచినాక ఎందుకడిగినావు?"

మగ్దలీనమ్మ మజ్జిగ తాగింది. గ్లాసు కింద పెట్టింది. చేతులు చీర కుచ్చెళ్లకు తుడుచుకుంది. ఎస్తేరమ్మ చేతిలో రొయ్య ఆగిపోయింది.

"హెబ్రోను ఉన్నప్పుడు మేం కౌలుకు గుంట చేసినాం, నీకు గుర్తుండాదిగదక్కా. మొదటి పట్టుబడికి నేను కాటా మీద రాయి పెట్టినా. ఐదుంబావు చూపించింది. అమ్మేది మేం, ఎక్కువ చూపిస్తే మాకే లాభం. ఆయన నా మొహం చూసినాడు, నేను ఆయన మొహం చూసినా. రాయి తీసి సంచిలో పెట్టుకున్నా. నోరెత్తలా. రెండో పట్టుబడికి అదే వ్యాపారి, అదే కాటా. ఈసారి రాయి పెడితే నాలుగుముప్పావు చూపించింది. అదేందయ్యా అని అడిగినా. కోప్పడలా ఆ మనిషి. నవ్వినాడు. 'పోయినసారి రాయి తేలేదా మా?' అన్నాడు. అంతే, ఇంక నాకు మాట లేదు. ఆ కుర్చీలో కూచుంటే నరేంద్రబాబు రోజూ నన్ను చూసి అట్టా నవ్వతాడక్కా. ఎండలో అయితే కూచోగలను."